రంగం రుచి... అమెరికాలో దొరికింది!

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు మొదట ఎదురయ్యే ప్రశ్న ‘అక్కడ ఏం తినాలి?’. శాకాహారులైతే మరీ ఇబ్బంది. డెబ్భై అయిదేళ్ల అమ్మను తీసుకుని కాలిఫోర్నియా వెళ్లిన ఓ విజయనగరం టీచరమ్మ అనుభవం ఇది. పానీపూరీ కోసం బయల్దేరితే... అరవై ఏళ్ల కిందటి కథ ఒకటి బయటపడింది!

‘‘ఇందులో నీచు లేదు కదా?’’

అమెరికాలో ఉన్నన్నాళ్లూ మా అమ్మ ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. నాన్న పోయిన ఏడాదే అమ్మ చేపా మాంసం మానేసింది. గుడ్డు కూడా ముట్టదు. విజయనగరంలో ఉన్నప్పుడు అది సమస్యే కాదు. మా ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు రకాల గిన్నెలు. ఎవరిది వారిది. కానీ ఫ్రీమాంట్‌లో ఉన్న తమ్ముడు ‘‘ఈసారైనా రా అమ్మా’’ అని మూడేళ్లు బతిమాలితే, చివరికి ‘‘అప్ప కూడా వస్తేనే’’ అని షరతు పెట్టింది. అప్ప అంటే నేనే. మా వైపు అక్కను అలాగే పిలుస్తారు. వేసవి సెలవులు కలిసొచ్చాయి. మూడు నెలలకు టిక్కెట్లు తీశాడు తమ్ముడు.

వెళ్లిన అయిదో రోజునే ముసలం పుట్టింది. అందరం కలిసి ఓ హోటలుకి వెళ్లాం. పట్టికలో ‘వెజిటబుల్ సూప్’ అని ఉంటే అమ్మకి అదే చెప్పాం. క్యారెట్లు, బీన్సు తేలుతూ చూడ్డానికి బాగుంది. రెండు చెంచాలు తాగింది. మూడో చెంచా ఎత్తబోతుంటే మా మరదలికి ఎందుకో అనుమానం వచ్చి వడ్డించే అమ్మాయిని అడిగింది. ‘‘కూరగాయలేనండీ, కోడిని ఉడికించిన నీళ్లలో చేస్తాం’’ అందా అమ్మాయి నవ్వుతూ. ఆమె దృష్టిలో అది తప్పేం కాదు. సూప్‌లో కోడి ముక్క లేదు కదా!

అమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. చెంచా కింద పెట్టి, లేచి వెళ్లి నోరు పుక్కిలించుకుని వచ్చింది. ఆ రాత్రి ఏమీ తినలేదు. మర్నాటి నుంచి ఎక్కడికి బయల్దేరినా చేతిలో పులిహోర డబ్బా. హోటలు అంటే ‘‘మీరు వెళ్లి రండి నాయినా, నేను ఇంట్లోనే ఉంటాను’’. పదో రోజుకి అసలు మాట చెప్పింది... ‘‘టిక్కెట్టు ముందుకి జరపడం అవుతుందేమో కనుక్కో’’.

తమ్ముడి ముఖం చూడలేకపోయాను. మూడేళ్లు ఎదురు చూసింది ఇందుకా?

కళ్లముందు కలిపేది

ఆ శనివారం తమ్ముడు ఒక మాటన్నాడు. ‘‘అప్పా, అమ్మకి కావాల్సింది శాకాహారం ఒక్కటే కాదు. నమ్మకం. ఏం కలుపుతున్నారో కంటికి కనబడాలి. చాట్ అయితే?’’

నిజమే. ఉడికిన బంగాళాదుంప, శనగలు, పెరుగు, ఉల్లిపాయ, కొత్తిమీర... చాట్‌లో దాచడానికేముంది? హిందీలో ‘చాట్‌నా’ అంటే నాకడం. వేళ్లు నాకించే తిండి కనుక ఆ పేరు వచ్చిందంటారు. మామిడి ఒరుగుల పొడి, నల్ల ఉప్పు, జీలకర్ర కలిపిన మసాలా చల్లితే చాలు, పుల్లగా ఉప్పగా కారంగా నాలుకంతా మేల్కొంటుంది.

ఫ్రీమాంట్ నుంచి గంట ప్రయాణం బర్క్‌లీ. అక్కడి ‘విక్స్ చాట్’ గురించి ఆ ప్రాంతపు మనవాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. 1989లో ఓ సరుకుల గిడ్డంగి మూలన చిన్న కౌంటరుగా మొదలైందట. ఇప్పుడు ఫోర్త్ స్ట్రీట్‌లో పెద్ద హాలు. తెల్లటి బల్లచెక్కలూ పువ్వుల కుండీలూ అని ఊహించుకోకండి. కౌంటరు దగ్గర చెప్పాలి, డబ్బు కట్టాలి, పిలిచినప్పుడు వెళ్లి మన ప్లేటు మనమే తెచ్చుకోవాలి. అచ్చం మన బస్టాండు క్యాంటీను పద్ధతి! పక్క బల్ల దగ్గర సర్దార్జీ కుటుంబం, ఎదురుగా కాలేజీ పిల్లలు, చెయ్యంత పొడవున్న భటూరాని ఎలా తుంచాలో తెలియక నవ్వుకుంటున్న తెల్లవాళ్లు. అక్కడ మాంసాహారం కూడా ఉంటుంది. అందుకే ముందే విడివిడిగా అడిగి, అమ్మకి సమోసా చాట్ తెచ్చాం.

అమ్మ ప్లేటుని అటూ ఇటూ తిప్పి చూసింది. చిదిమిన సమోసా, మీద శనగల కూర, పెరుగు, పచ్చటి చట్నీ, ఎర్రటి తీపి చట్నీ. ఓ ముక్క నోట్లో పెట్టుకుంది.

‘‘ఏటిది... మన కట్లెట్టే కదా!’’

అందరం ఘొల్లున నవ్వేశాం. ఉత్తరాంధ్ర వాళ్లకి కట్లెట్ గురించి చెప్పక్కర్లేదు. సాయంత్రం అయితే విజయనగరం గంటస్తంభం దగ్గరో, మూడు లాంతర్ల దగ్గరో, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో బండి మీద పెద్ద పెనం. దాని మీద ఉడుకుతున్న బఠాణీ కూర. సమోసాని చితక్కొట్టి అందులో వేసి, ఉల్లిపాయలూ కొత్తిమీరా చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తాడు. పక్కనే మురీ మిక్చరు, టమాటా బజ్జీ. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే పానీపూరీ కాస్తా గుప్‌చుప్ అయిపోతుంది. బెంగాల్లో ఫుచ్‌కా, ఢిల్లీలో గోల్‌గప్పా. పేరేదైనా నోరు అంతే తెరవాలి!

ధర మాత్రం అడక్కండి. మన ఊళ్లో పాతిక ముప్ఫై రూపాయల సరుకు అక్కడి హోటళ్లలో రూపాయల్లోకి మార్చి చూస్తే ఏడెనిమిది వందలు. అమ్మకి ఆ లెక్క చెప్పలేదు. చెబితే అదీ మానేసేది.

ఊరు పోయినా...

తిరుగు ప్రయాణంలో తమ్ముడు లండన్‌లో చదువుకున్న రోజుల గురించి చెప్పాడు. యూస్టన్ రైల్వేస్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్ అనే చిన్న వీధి ఉంది. అక్కడ 1970ల మొదట్లోనే ‘దివానా భేల్‌పూరీ హౌస్’ వెలిసింది. లండన్‌లో శాకాహారం అంటే ఉడికించిన బంగాళాదుంపలే అనుకునే రోజుల్లో అది మనవాళ్లకి ఎంత ఊరటో! 1972లో ఉగాండాలో ఈదీ అమీన్ మూడు నెలల గడువిచ్చి మనవాళ్లని వెళ్లగొట్టాడు. బ్రిటన్ చేరినవాళ్లే ఇరవై ఏడు వేలకు పైగా. అందులో చాలామంది గుజరాతీలు. లెస్టర్ నగరంలో బెల్‌గ్రేవ్ రోడ్డులో వాళ్లు పెట్టుకున్న మిఠాయి కొట్లూ చాట్ దుకాణాలూ ఇప్పుడు ఆ ఊరికే పేరు తెచ్చాయి.

‘‘చేతిలో చిల్లిగవ్వ లేకుండా పంపేస్తే, తెలిసిన వంటే కదా కూడు పెట్టేది’’ అన్నాడు తమ్ముడు.

వెనక సీట్లో ఉన్న అమ్మ అప్పుడు నెమ్మదిగా అంది. ‘‘మమ్మల్ని కూడా అలాగే పంపేశారు’’.

కారులో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ రంగంలో పుట్టిందని మాకు తెలుసు. పద్నాలుగేళ్లప్పుడు వచ్చేశారనీ తెలుసు. అంతకుమించి ఎప్పుడు అడిగినా ‘‘ఏముంది, ఓడెక్కి వచ్చేశాం’’ అనేది. ఆ రోజు మాత్రం చెప్పింది.

‘రంగం’ కథ

రంగం అంటే రంగూన్. ఇప్పటి యాంగోన్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాతతరం ఇళ్లలో ఒక్కరైనా ‘రంగం వెళ్లినవాళ్లు’ ఉండేవారు. కరవులు, అప్పులు, కూలి దొరక్కపోవడం ఒకవైపు. బర్మాలో ధాన్యపు మిల్లుల్లో, రేవుల్లో పని మరోవైపు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖల్లో ఓడెక్కితే కొద్దిరోజుల్లో రంగం. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు తెలుగువాళ్లందర్నీ ‘కొరంగీలు’ అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. వారిలో తెలుగువాళ్లు లక్షన్నర దాటారు. రంగూన్ నగరంలో అయితే సగానికి పైగా జనం మనదేశం వాళ్లే!

1930లో రేవు కూలీల తగాదాతో మొదలైన అల్లర్లలో ఎంతోమంది తెలుగువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు. అందులో చాలామంది అడవులూ కొండలూ దాటి కాలినడకన బయల్దేరినవాళ్లే. దారిలోనే వేలమంది రాలిపోయారు. అప్పుడు వచ్చేసిన మా తాతయ్య యుద్ధం అయ్యాక మళ్లీ వెళ్లి, రంగంలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. అమ్మ అక్కడే పుట్టింది.

1962లో జనరల్ నేవిన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964 మార్చిలో కొట్లన్నీ ప్రభుత్వపరం చేశారు. ‘‘పొద్దున్న నాన్న కొట్టుకి వెళ్తే తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారట. లోపల సామానంతా లెక్క రాసుకున్నారట. సాయంత్రానికి తాళంచెవి ఇచ్చేసి ఉత్త చేతుల్తో వచ్చాడు’’ అంది అమ్మ. ఆ మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. (విచిత్రం ఏమిటంటే, బర్మా డబ్బుని మనవాళ్లు పిలిచేదీ ‘చాట్’ అనే!) ఇంట్లో దాచుకున్నదీ కాగితమైపోయింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో దాదాపు మూడు లక్షలమంది భారతీయులు బర్మా వదిలేశారు.

అమ్మావాళ్లు విశాఖలో ఓడ దిగారు. అలా వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డ చోటే విశాఖ కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’. ఇప్పటికీ అక్కడ సాయంత్రం బర్మా నూడుల్స్ దొరుకుతాయి. తాతయ్య మాత్రం బొబ్బిలి దగ్గరున్న సొంత పల్లెకి తీసుకొచ్చేశాడు. ‘‘బడిలో పిల్లలు నన్ను రంగందాన్ని అనేవారు. అక్కడేమో కొరంగీ. ఇంక ఎక్కడి మాటా ఎత్తడం మానేశాను’’ అంది అమ్మ.

కాసేపు ఆగి, ‘‘అక్కడ కూడా సమోసాని ఇలాగే చితక్కొట్టి ఇచ్చేవారు. ఇంత పెరుగుండేది కాదు. సమూసా తోక్ అనేవాళ్లు. నాన్న శనివారం శనివారం తెచ్చేవాడు’’ అంది.

అరవై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ వినని మాట అది!

ఆ ఒక్క మాటతో...

తమ్ముడు వారంపాటు ఆ పేరు పట్టుకుని వెతికాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లెమెంట్ స్ట్రీట్ ఉంది. 1992 నుంచి ఉన్న ‘బర్మా సూపర్‌స్టార్’ ఆ వీధిలోదే. దాని సమూసా సూప్, లేత టీ ఆకులతో చేసే సలాడ్ అమెరికన్లకి కూడా నచ్చేశాయి. వచ్చే ఆదివారం అమ్మని ఆ వైపు తీసుకెళ్లాం. గుమ్మాల ముందు జనం. పిల్లలకి ఆకలి. ఖాళీగా కనబడ్డ ఇంకో చిన్న బర్మా హోటల్లో కూర్చున్నాం.

పట్టిక చూసి భయమేసింది. బర్మా వంటకి చేప ప్రాణం. అమ్మ చిన్నప్పుడు రోజూ పొద్దున్న తిన్న మొహింగా అంటే చేపల పులుసులో వేసిన బియ్యపు సేమ్యా. అది ఇప్పుడు ముట్టదు. సలాడ్లలో కూడా చేప రసమో, ఎండు రొయ్యల పొడో పడుతుంది. సూప్ గొడవ మళ్లీ మొదలవుతుందేమోనని నాకు గుండె దడ. తమ్ముడు ఇంగ్లిషులో ఒక్కొక్కటీ వివరంగా అడగబోయాడు.

వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. అమ్మ తలెత్తి ఆవిడకేసి చూసి ఒక మాట అంది.

‘‘థెత్‌థత్‌లుత్’’.

ప్రాణం తియ్యకుండా అని అర్థమట. బర్మాలో శాకాహారానికి అదే మాట. బౌద్ధులు వర్షాకాలపు వ్రతదినాల్లో నీచు మానేసేటప్పుడు అనే మాట. ఆవిడ చేతిలో పట్టుకున్న కాగితం బల్లమీద పెట్టేసింది. గబగబా ఏదో అడిగింది. అమ్మకి సగం అర్థమైంది, సగం కాలేదు. వచ్చిన నాలుగు మాటలూ పోగేసుకుని ఏదో చెప్పింది. తర్వాత మా తమ్ముడు ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు. ఆవిడే వంటింట్లోకి వెళ్లి, చేప రసం లేకుండా వేరే గిన్నెలో చేయించి, తన చేత్తో తెచ్చి పెట్టింది.

నాలుగు ముక్కలు చేసిన సమోసా, సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ, ఉడికిన శనగలు, పుదీనా, వేయించిన శనగపిండి, చింతపండు పులుపు. బర్మా భాషలో ‘తోక్’ అంటే చేత్తో కలిపింది అని అర్థం. పెరుగులేదు, తీపి చట్నీ లేదు. అయినా చాట్ కాదంటే ఎవరూ ఒప్పుకోరు. మన సమోసా సముద్రం దాటి వెళ్లి, అక్కడి పులుపుతో కలిసి, ఇలా స్థిరపడిందన్నమాట. దోసె కూడా అంతే. అక్కడ దాన్ని ‘తోషే’ అంటారు. సొరకాయ ముక్కలతో బజ్జీలు, మన గుంతపొంగడాల్లాంటి ‘మౌలిన్‌మయా’ కూడా యాంగోన్ వీధుల్లో సాయంత్రపు తిళ్లే.

‘‘అలాగే ఉందా అమ్మా?’’ అడిగాడు తమ్ముడు.

అమ్మ కాసేపు ఆలోచించింది. ‘‘లేదు’’ అంది. ‘‘అది ఇంకా కారంగా ఉండేది. ఆకులో కట్టి ఇచ్చేవాడు. ఇల్లు చేరేసరికి మెత్తబడిపోయేది’’. అని ప్లేటు మొత్తం తినేసింది. రెండోది కూడా చెప్పమంది!

టిక్కెట్టు ముందుకి జరపమన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. మిగిలిన నెలల్లో సన్నీవేల్‌లో ఇడ్లీ తింది, మరో రెండుసార్లు సమోసా చాట్ తింది. మనవడి చేత పానీపూరీల పందెం వేయించుకుని ఓడిపోయింది. రోజుకో కబురు చెప్పింది. రంగంలో వీధి చివర రావిచెట్టు, బడిలో బర్మా టీచరు, ఓడలో తాతయ్య ఎవరితోనూ మాట్లాడకుండా సముద్రం చూస్తూ కూర్చోవడం... మావాడు అవన్నీ ఫోనులో రికార్డు చేశాడు.

ఇంటికొచ్చాక...

విజయనగరం వచ్చిన వారానికి అమ్మ గంటస్తంభం వైపు వెళ్దామంది. మేమెప్పుడూ ఆగే కట్లెట్ బండి దగ్గర ఆగాం. ‘‘బాబూ, బఠాణీ కూర కొంచెమే వెయ్యి. క్యాబేజీ సన్నగా తరిగి వెయ్యి. నిమ్మకాయ బాగా పిండు’’ అంది. సంచీలోంచి చిన్న డబ్బా తీసి, ఇంట్లో వేయించి తెచ్చిన శనగపిండి తనే చల్లుకుంది.

బండి కుర్రాడు వింతగా చూశాడు. ‘‘ఇదే ఊరి కట్లెట్టమ్మా?’’

‘‘మా ఊరిదే’’ అంది అమ్మ.

..........

మీరూ చేసుకోండి: సమూసా తోక్

కావాల్సినవి: బంగాళాదుంప సమోసాలు నాలుగు, సన్నగా తరిగిన క్యాబేజీ కప్పు, ఉల్లిపాయ ఒకటి, ఉడికించిన శనగలు అరకప్పు, శనగపిండి రెండు చెంచాలు, చిక్కటి చింతపండు రసం రెండు చెంచాలు, నిమ్మకాయ సగం, పుదీనా, కొత్తిమీర, ఎండుమిర్చి పలుకులు, ఉప్పు, నూనె.

తయారీ: శనగపిండిని నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా సన్నని మంట మీద వేయించి చల్లార్చుకోవాలి. సగం ఉల్లిపాయని ఎర్రగా వేయించి, ఆ నూనెతో సహా పక్కన పెట్టాలి. సమోసాలను నాలుగేసి ముక్కలు చేసి, మిగిలినవన్నీ వేసి, చేత్తో తేలిగ్గా కలపాలి. చివర్లో వేయించిన ఉల్లిపాయలు, చెంచాడు నూనె వెయ్యాలి. కలిపిన వెంటనే తినాలి. శనగలు ఉడికించిన నీటిలో మిరియాలపొడి, ఉప్పు వేసి మరిగిస్తే పక్కన తాగడానికి చారు సిద్ధం.

ప్రయాణమయ్యే శాకాహారులకు...

* ‘వెజిటబుల్’ అని ఉన్నంత మాత్రాన శాకాహారం కాదు. సూప్, అన్నం ఏ నీళ్లతో చేశారో అడగండి. కోడి, పశుమాంసం ఉడికించిన నీళ్లు వాడటం అక్కడ మామూలే.

* థాయ్, బర్మా, వియత్నాం హోటళ్లలో చేప రసం, రొయ్యల ముద్ద గురించి, చైనా హోటళ్లలో ఆయిస్టర్ సాస్ గురించి ప్రత్యేకంగా అడగాలి.

* మెక్సికన్ హోటళ్లలో మెదిపిన చిక్కుడుగింజల కూరలో పందికొవ్వు కలిపే అలవాటు ఉంది. జెల్లీలు, మార్ష్‌మాలోలు, కొన్ని పెరుగు డబ్బాల్లో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. కొన్నిరకాల చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు.

* విదేశాల్లో ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు ఉండొచ్చు. ‘వీగన్’ అంటే గుడ్డుతోపాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా ఉండవు. అనుమానం ఉన్నచోట వీగన్ వంటకం చెప్పుకోవడం క్షేమం.

* సమోసా, బజ్జీలు ఏ నూనెలో వేయిస్తున్నారో కనుక్కోండి. మాంసం వేయించిన మూకుడులోనే వేసేవాళ్లున్నారు.

* మధుమేహం ఉన్న పెద్దలు చాట్‌లో తీపి చట్నీ వద్దని ముందే చెప్పాలి. అందులో బెల్లమో పంచదారో బాగానే ఉంటుంది.